ఆనర్సు చదువు – నాలుగవ యేడు

మన గుంటూరు, ప్రకాశము సీమలలో మాఘ ఫాల్గుణములనిన మిరపకోతలు, కల్లముల నిండ ఎండుకాయలు. ఆ పనులు ముగియునంతలో పెండ్లిముహూర్తములు వచ్చును. డిగ్రీ మూడవ యేడు ముగించు ఆడపిల్ల గల యింట “చదువిక చాలునా, నాలుగవ యేడు కూడ చదివింపవలయునా?” యను ప్రశ్న అప్పుడే పుట్టును. ఆ నాలుగవ యేటి చదువునకే ఆనర్సని పేరు. దానివలన పిల్లకు కలుగు లాభమేమో తెలిసికొనిన పిమ్మటనే నిర్ణయించుట మేలని మా మనవి.

ఆనర్సు మనకు క్రొత్త కాదు. 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో నాడు ఇంటర్మీడియేటు పిమ్మట సామాన్య బి.ఏ. రెండేండ్లు, ఆనర్సు మూడేండ్లు. నాడును ఎక్కువైనది ఒక్క యేడే. దుర్గాబాయిగారు వాల్తేరులో రాజనీతిశాస్త్రమున ఆనర్సు చదువగోరినపుడు అక్కడ స్త్రీలకు వసతిగృహము లేదు. ఆమె పత్రికలో ప్రకటన చేసి, చదువుమీద ఆశగల బాలికలను కూర్చుకొని, వసతి తామే యేర్పరచుకొనిరి. తరువాత న్యాయవాదియై, రాజ్యాంగ పరిషత్తున సభ్యురాలై, 1958లో స్త్రీవిద్యకై యేర్పడిన జాతీయ సంఘమునకు అధ్యక్షురాలైరి.

ఇప్పటి యేర్పాటు 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించినది. మూడేండ్లకు 120 క్రెడిట్లతో సామాన్య పట్టము. నాలుగేండ్లకు 160 క్రెడిట్లతో ఆనర్సు పట్టము. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతము తెచ్చుకొనినవారు పరిశోధనతో కూడిన ఆనర్సు చేయవచ్చును. నాలుగేండ్లు చదివినవారికి యం.ఏ., యం.యస్సీ.లను ఒక్క యేటిలో ముగించు మార్గము కలదు. నాలుగేండ్ల పట్టమున 75 శాతము వచ్చిన పిల్ల యం.ఏ. లేకయే పి.హెచ్.డి. ప్రవేశపరీక్షకు కూర్చుండవచ్చును. కావున నాలుగవ యేడు వృథా కాదు. పైచదువున ఆ యేడు తిరిగి కలిసివచ్చును.

అంతకు మించిన లాభ మొకటి కలదు. మూడేండ్లు పిల్ల ఇతరులు చెప్పిన జవాబులు నేర్చును. పరిశోధనలో ప్రశ్న తానే వేసికొని జవాబు వెదకును. 2021లో నల్ల తామరపురుగు మన మిరపతోటలను పాడుచేసినది. జంతుశాస్త్రము చదువు రైతుబిడ్డ తన తండ్రి చేనిలోని పూలను గమనించి, పురుగుల లెక్కించి, అధ్యాపకుల సాయమున వ్యాసము వ్రాసినచో అది యామె చదువునకును, ఆ చేనికిని పనికివచ్చును. అట్లు నేర్చిన పిల్ల ఎవరేమి చెప్పినను “నిదర్శనమేది?” యని యడుగగలదు. ఆ గుణము ఉద్యోగమునకే కాదు, సంసారమునకును అండ.

అయినను ప్రతి పిల్లయు ఆనర్సు చదువవలెనని మేమనము. త్వరగా జీతము తేవలసిన యింట మూడేండ్ల పట్టమే మేలు కావచ్చును. అన్ని కళాశాలలలోను నాలుగవ యేడు లేదు. కావున తల్లులు చేర్చునాడే మూడు సంగతులడుగుడు: నాలుగవ యేడు అచ్చటనే కలదా? పరిశోధన చేయించు అధ్యాపకులు, ప్రయోగశాల కలవా? రుసుము, వసతి వ్యయమెంత?

ఇక పెండ్లిమాట. మంచి సంబంధము వచ్చినచో కాదనుడని మేము చెప్పుట లేదు. చదువు ముగియువరకు ముహూర్తము నిలుపుమని వరునివారిని ముందే యడుగుడు. ఒక యేడు ఆగలేనివారు రేపు ఆమె మాట నేమి మన్నింతురు? అన్నిటికంటె ముందు పిల్లనే పిలిచి, “నీకేమి యిష్టమమ్మా?” యని యడుగుడు.