పాత భవనాలలో మెట్ల మార్పులు – నిబంధనల పాలన

మెట్లను తెలుగులో ‘సోపానాలు’ అంటాము. ఉర్దూలో ‘జీనా’ అంటారు. ఉభయ భాషల కవులకూ మెట్టు ఉన్నతికి చిహ్నం. నిర్మాణ శాస్త్రం మాత్రం దానిని మరొక దృష్టితో పరిశీలిస్తుంది. మనుషులను పైకి చేర్చడం మెట్ల నిత్యకృత్యం. ఆపద వేళ అందరినీ క్షేమంగా కిందికి దింపడం వాటి పరమధర్మం. పాత భవనాలలో మెట్లను మార్చదలచినవారు ముందుగా గ్రహించవలసిన విషయమిది.

2025 మే 18వ తేదీ ఉదయం హైదరాబాదులో, చార్మినారు సమీపాన గల గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత భవనంలో అగ్నిప్రమాదం సంభవించి 17 మంది మరణించారు. వారిలో ఎనిమిదిమంది పిల్లలు. ఆ భవనంలో కింద దుకాణాలు, పైన నివాసం. పై అంతస్తులకు సుమారు ఒక మీటరు వెడల్పు గల మెట్లదారి ఒక్కటే ఉన్నదని అగ్నిమాపక శాఖ అధికారులు తెలిపారు. కింద మంట పుట్టినప్పుడు మెట్ల గది పొగగొట్టంవలె పనిచేస్తుంది. వేడిపొగ ఆ దారినే పైకి ఎగబ్రాకుతుంది. మనుషులు దిగవలసినదీ ఆ దారినే. ఇరుకు మెట్ల ప్రమాదమంతా ఇక్కడనే ఉన్నది.

మన దేశంలో ‘నేషనల్ బిల్డింగ్ కోడ్’ అనే జాతీయ భవన నిర్మాణ సంహిత 1970లో తొలిసారి వెలువడి, 1983లోను, 2005లోను, 2016లోను సవరింపబడింది. ఇది తనంతట తాను శాసనం కాదు. రాష్ట్రాల భవన నిబంధనలు దీనిని స్వీకరించినప్పుడే దీనికి శాసనబలం చేకూరుతుంది. పాత కట్టడాల విషయమై ఇందులో మూడు సూత్రాలు ముఖ్యమైనవి. మొదటిది: ప్రాణాపాయకరమని అధికారులు భావించినప్పుడు తప్ప, ఉన్న భవనాన్ని కేవలం పాతదన్న కారణాన పడగొట్టనక్కరలేదు. రెండవది: మార్పు చేసిన భాగం మాత్రం నేటి నిబంధనలకు లోబడాలి. మూడవది: భవన వినియోగమే మారితే, కొత్త వినియోగానికి తగిన నిబంధనలన్నీ వర్తిస్తాయి.

ఈ మూడవ సూత్రాన్ని విద్యాసంస్థలు ప్రత్యేకంగా గమనించాలి. పాత ఇంటిని అద్దెకు తీసుకొని పాఠశాల నెలకొల్పడం మన పట్టణాలలో సర్వసాధారణం. సాధారణ నివాస గృహానికి మెట్ల వెడల్పు కనీసం ఒక మీటరు ఉంటే చాలు. విద్యాసంస్థకు కనీసం ఒకటిన్నర మీటరు కావాలి. ఇంటిలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్ల వరకు, అడుగుపెట్టే వెడల్పు కనీసం 25 సెంటీమీటర్లు అనుమతిస్తారు. విద్యాసంస్థలో ఎత్తు 15 సెంటీమీటర్లు మించరాదు, వెడల్పు 30కి తగ్గరాదు. మూడు మీటర్ల ఎత్తు ఎక్కడానికి మొదటి లెక్కన 16 మెట్లు, రెండవ లెక్కన 20 మెట్లు అవసరం. మెట్లు నిడివిలో ఆక్రమించే స్థలం కూడా దాదాపు రెండు మీటర్లు పెరుగుతుంది. కనుక బోర్డు మార్చినంత సులువుగా ఇల్లు బడిగా మారదు.

చిన్నవిగా కనిపించే మార్పులు కూడా చేటు తెస్తాయి. అన్ని మెట్లూ 17 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయనుకొందాము. మెట్లను ముట్టకుండా, పై అంతస్తులోను కింది అంతస్తులోను నాలుగు సెంటీమీటర్ల మందాన కొత్త బండలు పరిస్తే, మొదటి మెట్టు 13కు తగ్గి, చివరి మెట్టు 21కి పెరుగుతుంది. రెండు మూడు మెట్లు ఎక్కేసరికి పాదం ఆ కొలతకు అలవాటుపడుతుంది. కొలత తప్పిన చోట తొట్రుపడుతుంది. నునుపైన గ్రానైటు తడిసినప్పుడు జారుడు అదనం. కొత్త రెయిలింగును లోపలికి జరిపి బిగిస్తే నడిచే వెడల్పు తరుగుతుంది.

కొన్ని పాత కట్టడాలలో రాతి మెట్ల ఒక కొస గోడలో దిగి ఉంటుంది. ప్రతి మెట్టూ తన కింది మెట్టుపై ఆనుకొని ఉంటుంది. అటువంటి చోట ఒక్క మెట్టును తొలగించినా, తలుపు కోసం ఆ గోడను తొలిచినా, పై మెట్లన్నింటి ఆధారం సడలుతుంది. అందుచేత కట్టడ బలాన్ని అర్హత గల ఇంజనీరు పరీక్షించి, పటం గీసి, పురపాలక సంస్థ అనుమతి పొందిన పిమ్మటనే ఉలి పట్టాలి. చారిత్రక కట్టడమైతే ఆ సంరక్షణకు సంబంధించిన అనుమతి కూడా అవసరం.

స్థలాభావం వలన మెట్లను వెడల్పు చేయడం అసాధ్యమైతే నిరాశ చెందనక్కరలేదు. వెలుపలి వైపున రెండవ మెట్లదారి నిర్మించవచ్చు. పై అంతస్తులలో కూర్చుండేవారి సంఖ్యను తగ్గించవచ్చు. మెట్ల కింద ఉన్న విద్యుత్ మీటర్లను, ఇన్వర్టర్లను, మోటారు సైకిళ్లను, గ్యాస్ సిలిండర్లను అక్కడనుండి తరలించవచ్చు. మేడ మీది తలుపుకు, మెట్ల గేటుకు జనం ఉన్న వేళ తాళం వేయకుండుట పైసా ఖర్చు లేని పని.

విద్యార్థి మిత్రులు ఒక కొలటేపు తీసుకొని తమ ఇంటి మెట్లను, తాము చదివే భవనపు మెట్లను కొలిచి చూడాలి. మెట్ల గది పొగతో నిండితే దిగడానికి మరొక దారి ఉన్నదా అని పెద్దలను అడగాలి. నిబంధనలు మనకు కష్టం కలిగించడానికి ఏర్పడినవి కావు. దిగడానికి దారి దొరకక ప్రాణాలు కోల్పోయినవారి అనుభవమే ఆ అంకెలలో నిక్షిప్తమై ఉన్నది.