తెగిన కరెంటు తీగ వద్ద సాయం

గాలివానకు తెగిన తీగ తగిలి గేదె కూలితే, యజమాని పలుపు అందుకోబోతాడు. అతన్ని లాగబోయి ఇంకొకరు పడిపోతారు. తడినేలలో తీగ చుట్టూ కొంతమేర విద్యుత్తు వ్యాపిస్తుంది. అక్కడ అంగ వేస్తే తీగను తాకకున్నా ఒక కాలి నుండి రెండో కాలికి కరెంటు పారుతుంది. ముందు, వెనుక కాళ్ళ మధ్య ఎడం ఎక్కువ గనుక పశువుకు మరింత అపాయం.

వేలు పోసి కొన్న గేదె కళ్ళముందే గిలగిల కొట్టుకుంటుంటే నిలబడి చూడడం కష్టమే. అయినను సభ్యులు కనీసం పది మీటర్ల దూరంలో ఆగి, వచ్చేవారిని ఆపి, 1912కు ఫోను చేయవలెను. సరఫరా ఆపామని విద్యుత్ సిబ్బంది చెప్పేవరకు దగ్గరకు పోరాదు. ఎండుకర్రతో తీగను తొలగించవచ్చునని కొందరంటారు, 11 కె.వి. లైను వద్ద ఆ కర్రను నమ్మరాదు. అరికాళ్ళు జివ్వుమంటే పరుగెత్తక, రెండు పాదాలు చేర్చి, నేలమీద నుండి ఎత్తకుండా మెల్లగా జరుపుకుంటూ వెనుకకు రావలెను. మనిషి పడి ఉంటే 108కి కూడా వెంటనే చెప్పవలెను.