గొంతు ఎవరిది? ముఖము ఎవరిది?

1965లో లండన్ నగరమున, సవాయ్ హోటలు వెనుకనున్న యొక ఇరుకు సందులో, ఒక యువకుడు అట్టముక్కల కట్ట చేతబట్టుకొని నిలుచున్నాడు. ఆ అట్టలమీద ఒక పాటలోని మాటలు పెద్ద యక్షరములతో వ్రాయబడి యున్నవి. పాట వినబడుచుండగా అతడు ఒక్కొక్క అట్టను చూపి, దానిని నేలపై పారవైచి, మరియొకటి చూపుచున్నాడు. కొన్ని మాటలు కావలెననియే తప్పుగా వ్రాయబడినవి. పాడునది అతని గొంతే. కాని తెరపై అతని పెదవి కదలదు. వెనుక నొక ప్రక్కగా గడ్డము పెంచిన మనిషి యొకడు ఈ పాటతో తనకేమియు సంబంధము లేనట్లు ఎవరితోనో మాటలాడుచున్నాడు. ఆయన అమెరికా కవి అలెన్ గిన్స్‌బర్గ్. అట్టలు చూపు యువకుడు బాబ్ డిలన్. అర్ధశతాబ్దము గడచిన పిదప, 2016లో, సాహిత్యమునకు నోబెల్ బహుమానము పొందినవాడతడే.

డి. ఎ. పెన్నెబేకర్ తీసిన ‘డోంట్ లుక్ బ్యాక్’ అను వాస్తవచిత్రము 1967లో విడుదలయ్యెను. దానికి ప్రారంభముగా కూర్చిన ఈ చిన్న దృశ్యమును, నేడు మ్యూజిక్ వీడియోల చరిత్ర వ్రాయువారు తొలిపుటలలోనే పేర్కొనుచుందురు. పాటకు బొమ్మ తోడైనప్పుడు, పాడువాని ముఖముతో ఏమి చేయవలెను? ఈ ప్రశ్న అక్కడనే మొదలైనది.

బ్రిటనులో పైతరగతుల విద్యార్థులకు మాధ్యమముల యధ్యయనము ఒక పాఠ్యవిషయము. వేర్వేరు రీతులకు చెందిన మ్యూజిక్ వీడియోలను నాలుగైదింటిని తీసికొని పోల్చి చూపుడని వారికి ప్రాజెక్టు పని యిచ్చుట పరిపాటి. మన కళాశాలలలోను ఇట్టి పని యిచ్చు ఉపాధ్యాయులు లేకపోలేదు. విద్యార్థి సాధారణముగా చేయు పని యేమనగా, ఒక పట్టిక గీయును. రాక్ పాటకు గిటారు, చీకటి వెలుగుల వేదిక. పాప్ పాటకు నృత్యము, రంగురంగుల దుస్తులు. ర్యాప్ పాటకు వీథి. కంట్రీ పాటకు పల్లెటూరు, పాతయిల్లు. ఈ పట్టిక తప్పు కాదు. దానితో వచ్చిన చిక్కేమనగా, వీడియోలను చూడకుండగనే దానిని నింపవచ్చును!

ఆండ్రూ గుడ్విన్ అను విద్వాంసుడు 1992లో ప్రకటించిన గ్రంథమున, పాటలోని మాటలకును తెరమీది బొమ్మకును గల సంబంధమును మూడు విధములుగా చెప్పెను. బొమ్మ మాటను అట్లే చిత్రించుట యొకటి. మాటకు కొత్త యర్థము చేర్చి పెంచుట మరియొకటి. మాటతో పొత్తు లేకుండ తనదారిన తాను పోవుట మూడవది. మన యలంకారశాస్త్రము చదివినవారికి ఇట్టి విభాగములు కొత్తవి కావు. అయితే శాస్త్రకారుడు వెలుగుకై యిచ్చిన దీపమును విద్యార్థి గుర్తులు పెట్టు గళ్ళకాగితముగా మార్చుచున్నాడు. అంతకంటె, ఒకే యొక ప్రశ్నను అన్ని వీడియోలను అడిగి చూచుట మేలు. ఆ ప్రశ్న యిది: వినబడు గొంతునకును, కనబడు ముఖమునకును ఏమి చుట్టరికము?

ఈ ప్రశ్న నడుగుటకు తెలుగు విద్యార్థికి పుట్టుకతో వచ్చిన యర్హత కలదు. నాగయ్య, భానుమతి వంటి కొందరు తమ పాటలు తామే పాడుకొన్నను, మన చిత్రములలో గొంతు ఒకరిది, ముఖము వేరొకరిది యగుట చిరకాలపు ఆచారము. ఘంటసాల గొంతు రామారావు ముఖమునకు సరిపోయెను. అదే గొంతు నాగేశ్వరరావు ముఖమునకును సరిపోయెను. ప్రేక్షకుడెవ్వడును మోసపోతినని కోర్టునకు పోలేదు. పశ్చిమమున సంగతి వేరు. మిల్లీ వెనిల్లీ అను ఇద్దరు యువకుల జంట, ఉత్తమ నూతన కళాకారులుగా 1990 ఫిబ్రవరిలో గ్రామీ బహుమానము నందుకొన్నది. ఆ పాటలు పాడినవారు వేరని, వీరు పెదవులు మాత్రమే కదిపిరని ఆ సంవత్సరమే బయటపడగా, నవంబరులో ఆ బహుమానమును వెనుకకు తీసికొనిరి. ఇచ్చట గౌరవింపబడు కళ అచ్చట నేరమైనది. మ్యూజిక్ వీడియో చూచునప్పుడు ఈ తేడాను మరువరాదు. అచ్చటి ప్రేక్షకుడు ముఖమును చూచి గొంతును నమ్ముచున్నాడు.

ఇక ‘క్వీన్’ బృందము 1975లో వెలువరించిన ‘బొహీమియన్ రాప్సొడీ’ని చూడవచ్చును. ఆరు నిమిషములకు అయిదు సెకండ్లు మాత్రమే తక్కువైన ఈ పాటలో నెమ్మదిగా సాగు ఆత్మకథ వంటి భాగమొకటి, ఒపేరాను తలపించు భాగమొకటి, ఉధృతమైన రాక్ భాగమొకటి వరుసగా వచ్చును. బి.బి.సి. వారి ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ కార్యక్రమమున గాయకులు వేదికపై నిలిచి, ముందే ముద్రించిన పాటకు పెదవులు కలుపుట ఆనాటి మర్యాద. ఈ పాట విషయమున అది కష్టము. నడిమి భాగమున మెర్క్యురీ, మే, టేలర్ అను ముగ్గురి గొంతులను స్టూడియోలో పొరమీద పొరగా పలుమారులు ముద్రించి, ఒక మహాబృందగానముగా పేర్చిరి. నలుగురు మనుష్యులు నిలుచుండి అంతటి ఘోషకు పెదవులు కదిపిన నవ్వు రాదా? పైగా వారు ఊరూర కచేరీలకు బయలుదేరవలసిన సమయమది. కనుక బ్రూస్ గవర్స్ అను దర్శకుని పిలిపించి, ఎల్‌స్ట్రీలో సుమారు నాలుగు గంటలలో వీడియో తీయించిరి.

గవర్స్ చేసిన యుక్తి చక్కనిది. ఆ బృందపు రెండవ ఆల్బము అట్టపై మిక్ రాక్ తీసిన ఛాయాచిత్రము కలదు. చీకటిలో నాలుగు ముఖములు, పైనుండి పడు వెలుగు. దానిని కదలించి, ప్రత్యేకమైన కటకముతో ఒక్కొక్క ముఖమును అనేక ముఖములుగా చేసెను. కెమెరాను దాని తెరవైపే త్రిప్పి, ముఖము వెనుక ముఖము దూరమునకు పోవునట్లు చేసెను. స్టూడియోలో గొంతును గుణించిరి. ఇచ్చట ముఖమును గుణించిరి. నాలుగవవాడైన జాన్ డీకన్ ఆ బృందగానమున గొంతు కలుపలేదు గాని, ముఖము మాత్రము మిగిలినవారితో సమానముగా నున్నది! రాక్ భాగము రాగానే ముఖములు విడిపోయి, మామూలు వేదిక, మామూలు కచేరీ.

ఇక్కడ చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు వచ్చును. 1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో ఎం.టి.వి. ప్రారంభమయ్యెను. రేయింబవళ్ళు పాటల వీడియోలే ప్రసారము చేయు ఆ కేంద్రమున తొలినాళ్ళలో నల్లజాతి గాయకులు చాల అరుదుగా కనబడిరి. తమది రాక్ సంగీతపు కేంద్రమనియు, వారి పాటలు ఆ రీతికి చెందవనియు చెప్పబడిన సమాధానము. 1983లో డేవిడ్ బౌవీ అను ఆంగ్ల గాయకుడు, ఆ కేంద్రమువారు తనను ప్రశ్నింప వచ్చినప్పుడే, ఎదురు ప్రశ్న వేసి ఈ సంగతిని నిలదీసెను. ‘రీతి’ యనునది పాటల బీరువాలో అంటించు చీటీ మాత్రమే యని తలచు విద్యార్థి ఇచ్చట ఒక్కక్షణ మాగవలెను. ఆ చీటీ ఎవరి ముఖము తెరపై కనబడవలెనో, ఎవరిది కనబడరాదో నిర్ణయించెను. వీడియోలను రీతులుగా విభజించి పోల్చు ప్రాజెక్టులో ఈ సంగతి లేకున్నచో, తక్కినదంతయు అలంకారమే.

ఆ సంవత్సరమే మైకేల్ జాక్సన్ వీడియోలు ఆ తలుపును త్రోసికొని లోపలికి వచ్చినవి. డిసెంబరు 2న ‘థ్రిల్లర్’ తొలిసారి ప్రసారమయ్యెను. దర్శకుడు జాన్ లాండిస్. ముఖముల వేషరచన రిక్ బేకర్. నృత్యము మైకేల్ పీటర్స్. దాదాపు 14 నిమిషముల ఈ చిత్రమున, నాలుగు నిమిషములు దాటిన పిమ్మట గాని పాట మొదలుకాదు. తెలుగు చిత్రమున కథ నాపి పాట వచ్చును. ఇచ్చట కథకొరకు పాటనే విరిచి తిరిగి కూర్చిరి. రికార్డులో చరణమునకు చరణమునకు నడుమ వచ్చు పల్లవిని తీసివేసి, నాయకుడు నాయికతో వీథిలో నడచుచు చరణములన్నియు వరుసగా పాడునట్లు చేసిరి. పల్లవిని చివరకు దాచిరి.

ఎందుకు దాచిరో ముఖమును చూచిన తెలియును. శ్మశానమునుండి ప్రేతములు లేచి వచ్చి చుట్టుముట్టును. నాయికతో పాటు ప్రేక్షకుడును తిరిగి చూచుసరికి నాయకుడే ప్రేతమై యుండును. ఆ వికృతముఖముతో అతడాడు నృత్యము జగత్ప్రసిద్ధము. ఆ నృత్యము సాగునంతసేపు వాద్యములే గాని గొంతు లేదు. ముఖము మరల మనుష్యముఖమైన క్షణముననే పల్లవి యెత్తుకొనును. మనిషి పాడును, ప్రేతము పాడదు. చిన్న నియమమే, దానిపై ఆ వీడియో అంతయు నిలిచి యున్నది. భయానకచిత్రములలో ప్రసిద్ధుడైన విన్సెంట్ ప్రైస్ గంభీరమైన గొంతు వినబడునే గాని ఆయన ముఖము కనబడదు. 2009లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండారమున చేర్చబడిన మొదటి మ్యూజిక్ వీడియో యిదియే.

ర్యాప్ విషయమున ఎక్కువ చెప్పనక్కరలేదు, వీడియోయే నోరు తెరచి చెప్పును. న్యూయార్కులోని హాలిస్ పేటకు చెందిన ‘రన్-డి.ఎం.సి.’ బృందము 1986లో, ‘ఏరోస్మిత్’ అను రాక్ బృందమువారి 1975 నాటి ‘వాక్ దిస్ వే’ పాటను వారితో కలిసి మరల పాడిరి. వీడియోలో ఇరువురివి ప్రక్కప్రక్క గదులు, నడుమ గోడ. ఒకరి చప్పుడు మరియొకరికి గిట్టదు. చివరకు రాక్ గాయకుడు స్టీవెన్ టైలర్ మైకు కఱ్ఱతో గోడను పగులగొట్టి ఆ కంతలోనుండి ముఖము చాచి పాడును. సూచన కొంచెము మోటుగనే యున్నది. కాని మూడేండ్ల క్రిందట బౌవీ అడిగిన ప్రశ్నను గుర్తుంచుకొన్నవానికి ఆ గోడ ఇటుకల గోడగా కనబడదు. ఎం.టి.వి.లో ర్యాప్ పాటలకై ప్రత్యేక కార్యక్రమము 1988లో గాని రాలేదు.

ఈ వీడియోలను తరగతిలో చూపు ఉపాధ్యాయుడు ఒక్కొక్కదానిని మూడుమారులు చూపుట మంచిది. ఒకమారు శబ్దము నాపి. ఒకమారు కన్నులు మూయించి, వినుటకు మాత్రమే. ఆపైన రెండును కలిపి. మొదటి రెండు మారులు విద్యార్థులు వ్రాసికొన్నదానికిని, మూడవమారు వ్రాసినదానికిని గల తేడాయే పోలికకు ముడిసరకు. ఉద్యోగపు తొందరలో దీనికి గంట చాలదందురు. నాలుగు వీడియోలకు బదులు రెండు చాలును.

ఆ రెండింటిలో ఒకటి ‘హర్ట్’ కావలెను. దీనిని ఏ రీతిలో చేర్చవలెనో తెలియక పట్టిక గీయువాడు తికమకపడును. పాట వ్రాసినది ట్రెంట్ రెజ్నర్. 1994లో, యంత్రధ్వనులతో నిండిన కఠోరమైన రాక్ రీతిలో. 2002లో దానిని మరల పాడినది కంట్రీ సంగీతమున తాతవంటివాడైన జానీ క్యాష్. ఒక్క మోటుమాటను మాత్రము మార్చెను. పాడించినవాడు రిక్ రూబిన్, ‘వాక్ దిస్ వే’లో గోడ పగులగొట్టించిన నిర్మాతయే. వీడియో తీసిన మార్క్ రోమనెక్, 1995లో మైకేల్ జాక్సన్, జానెట్ జాక్సన్‌ల ‘స్క్రీమ్’ను లక్షల డాలర్ల వ్యయముతో తీసిన దర్శకుడు. ఈమారు అతడు టెనెసీ రాష్ట్రమున హెండర్సన్‌విల్లులోని క్యాష్ ఇంటికిని, మూతపడి శిథిలమైన క్యాష్ ప్రదర్శనశాలకును పోయి, ఉన్నదానిని ఉన్నట్లు తీసెను.

డెబ్బది యేండ్లు నిండిన క్యాష్ గిటారుతో కూర్చుండి పాడుచున్నాడు. చేయి వణకును. ముందు విందుబల్ల, దానిపై తినని భోజనము. పాత్రలోని ద్రాక్షరసమును దానిపై ఒలుకపోయును. నడుమ నడుమ పాత చిత్రములు వచ్చుచుండును: రైలుమీద, వేదికమీద, చెరసాలలోని ఖైదీల ముందు, నిటారుగా నిలిచిన యువకుడైన క్యాష్. ఆ యువకుని గొంతు మాత్రము ఒక్కమారైనను వినబడదు. వినబడునది ముసలిగొంతే. యౌవనపు ముఖముమీద వార్ధక్యపు గొంతు! మన నేపథ్యగానమున ఇద్దరు మనుష్యుల నడుమ నుండు దూరము, ఇచ్చట ఒకే మనిషి లోపల నున్నది. మెట్లమీద నిలుచుండి అతని భార్య జూన్ కార్టర్ అతనినే చూచుచుండును. ఆమె పాడదు, మాటలాడదు. ఆ ముఖమునకు గొంతు నీయకుండుట దర్శకుని వివేకము.

ఈ వీడియో చూచిన తరువాత, ఆ పాట ఇక తనది కాదని తోచినట్లు రెజ్నర్ చెప్పెను. చివరి షాట్లలో క్యాష్ పియానో మూతను మెల్లగా దించి, దానిపై చేయి వేసి నిమురును. జూన్ కార్టర్ 2003 మే 15న మరణించెను. క్యాష్ సెప్టెంబరు 12న. 2007లో ఆ యిల్లు అగ్నిప్రమాదమున కాలిపోయెను.