ఇథియోపియా బూడిద, గాదంకి లేజరు

2025 నవంబరు 23న ఇథియోపియాలో హేలీ గుబ్బి అగ్నిపర్వతం పేలింది. మర్నాడు రాత్రికే దాని బూడిద మేఘం నాలుగు వేల కిలోమీటర్లు దాటి ఢిల్లీ ఆకాశానికి చేరింది. విమానాలు కొన్ని రద్దయ్యాయి. ఆ వారం క్లాసులో పిల్లల ప్రశ్న ఒకటే: "సార్, అది తిరుపతికి కూడా వస్తుందా?"

రాలేదు. తమాషా ఏమిటంటే హేలీ గుబ్బి, మన గాదంకి దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 13.5 డిగ్రీల ఉత్తరాన. కానీ పైగాలులు బూడిదను ఈశాన్యంగా లాక్కెళ్ళాయి.

గాదంకి అంటే చిత్తూరు రోడ్డులో టోల్‌గేటే చాలామందికి గుర్తొస్తుంది. అక్కడే అంతరిక్ష శాఖ వారి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1998 నుంచి అక్కడ లైడార్ పనిచేస్తోంది. ఆకుపచ్చ లేజరు కాంతిని పైకి వదులుతారు. గాలిలోని రేణువులకు తగిలి కొంత కాంతి వెనక్కి వస్తుంది. అది ఎంతసేపటికి వచ్చిందో చూస్తే రేణువులు ఎంత ఎత్తులో ఉన్నాయో తెలుస్తుంది. 15 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి రావడానికి సెకనులో పదివేలో వంతు చాలు. ఇంకో సంగతి కూడా పట్టుకోవచ్చు. గంధకామ్లపు చుక్కలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి కాంతి కంపించే దిశ మారదు. గరుకు బూడిద రేణువుకు తగిలితే మారుతుంది.

అగ్నిపర్వతపు బూడిద మన పొయ్యి బూడిద లాంటిది కాదు. పొడి అయిన రాయి, గాజు పెంకులు. 1982లో జావా మీద అలాంటి మేఘంలోకి వెళ్ళిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. బయటపడ్డాకే తిరిగి పనిచేశాయి. మన సీమకూ ఈ బూడిద కొత్త కాదు. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా నుంచి వచ్చి పడినది నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఇప్పటికీ పొరలుగా కనిపిస్తుంది.

ఎత్తున వెళ్ళే బూడిద విమానాలకు ముప్పు, కిందికి రాలినది ఊపిరితిత్తులకు. ఎప్పుడైనా రాలితే పిల్లల్ని లోపలే ఉంచండి, కళ్ళు నలపనివ్వకండి, ఎన్95 మాస్కు పెట్టండి, నేలను ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

నిజం చెప్పాలంటే, ఆస్తమా ఉన్న పిల్లలకు ఇథియోపియా కన్నా దీపావళి రాత్రి, వీధి చివర తగలబెట్టే చెత్త దగ్గరి ప్రమాదం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 'సమీర్' యాప్‌లో ఏక్యూఐ చూడవచ్చు. 100 దాటిన రోజు బ్యాగులో ఇన్‌హేలర్ పెట్టి, క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి. 200 దాటితే ఆ రోజు ఆటల పీరియడ్ వద్దు.