లిస్టులో నంబరు లేనప్పుడు

సింగరేణి బొగ్గుబాయిల ఊరు రామకృష్ణాపూర్‌లో ఉద్యోగం రాలేదన్న కబురు ఉత్తరంగా రాదు. ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి, హాల్ టికెట్ నంబరు కోసం పైకీ కిందికీ మూడుసార్లు జరిపి చూస్తాం. ఉండదు. అంతే. "మర్యాదగా జవాబు రాయండి" అనే సలహాలన్నీ కంపెనీ మనకో ఉత్తరం రాసిందనుకుని మొదలవుతాయి. ఇక్కడ ముందుగా జవాబు చెప్పాల్సింది క్వార్టర్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న కాకాకు.

"ఏమాయెరా, లిస్టుల పేరొచ్చిందా?"

"రాలే కాకా."

ఆ రెండు మాటలు నోరు దాటడానికి బలం కావాలి. ఎందుకంటే సింగరేణి నౌకరి ఇక్కడ ఒక్కరిది కాదు, ఇంటిది. తండ్రి దిగిన బాయిలోకే కొడుకు దిగడం తరాల అలవాటు. ఆపేసిన వారసత్వ ఉద్యోగాలను తిరిగి ఇవ్వాలని 2016లో కంపెనీ నిర్ణయించింది. 2017లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. తర్వాత వచ్చిన కారుణ్య నియామకాలు కార్మికుడు చనిపోతేనో, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తేనో వర్తిస్తాయి. మిగిలిన పిల్లలకు దారి పోటీ పరీక్షే. 2022 సెప్టెంబర్ 4న జూనియర్ అసిస్టెంట్ పరీక్ష పెట్టారు. పోస్టులు 177, దరఖాస్తులు 98 వేలకు పైనే. కుర్చీ ఒకటి, దాని కోసం 550 మందికి పైగా. ఈ లెక్క తెలిస్తే కాకా ముందు తల దించుకోనక్కర్లేదు. "పైసలు తిన్నరు" అని కారణం కల్పించనక్కర్లేదు కూడా. ఆధారం లేకుండా అన్న ఆ మాట, రేపు మనకే ఉద్యోగం వస్తే మన మీదికీ వస్తుంది.

అయితే హుందాతనమంటే నోరు మూసుకోవడమని నేననుకోను. ఆన్సర్ కీలో తప్పుంటే గడువులోపు ఆధారంతో అభ్యంతరం పెట్టాలి. మన జవాబు పత్రం మనం చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితంలో "అన్యాయం జరిగింది" అన్న వాక్యం అక్కర్లేదు. ఏ పరీక్ష, ఏ నంబరు, ఏ పత్రం నకలు కావాలో రాస్తే చాలు.

ప్రైవేటు కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లి, "ఈసారి తీసుకోలేకపోతున్నాం" అని మెయిల్ వస్తే మాత్రం నిజంగానే జవాబు రాయాలి. డిప్లొమా చేసిన కుర్రాడైతే ఇలా రాయొచ్చు:

"నమస్కారం సర్. మీ నిర్ణయం తెలియజేసినందుకు కృతజ్ఞతలు. కన్వేయర్ మోటార్ గురించి మీరడిగిన ప్రశ్నకు ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. తర్వాత చదువుకున్నాను. నేను ఇంకేం నేర్చుకోవాలో చెబితే సంతోషిస్తాను. మళ్లీ ఖాళీ వస్తే నన్ను గుర్తుంచుకోగలరు."

నమస్కారం కాక ఐదు ముక్కలు. ఇంటి కష్టాలు లేవు, బతిమాలడం లేదు. ఆ కన్వేయర్ మాటే ఈ ఉత్తరానికి ప్రాణం. దాంతోనే ఆయనకు ఈ కుర్రాడి ముఖం గుర్తొస్తుంది. మెయిల్ వచ్చిన గంటలోనే రాయొద్దు, కోపం అక్షరాల్లోకి దిగుతుంది. ఒక రాత్రి గడవనివ్వండి.

ఆ రాత్రే ఇంకో ఫోన్ కూడా రావచ్చు. "ఇన్ని లక్షలిస్తే పై నుంచి చేయిస్తా" అనే గొంతు. నౌకరి రాని ఇంటి అడ్రస్ దళారికి తొందరగానే తెలుస్తుంది. అతనికి మాత్రం మనం మర్యాద బాకీ లేం, ఫోన్ పెట్టేయండి.

అన్నిటికంటే కష్టమైన జవాబు ఇంకొకరికి చెప్పాలి. పక్క క్వార్టర్ దోస్తుకు ఉద్యోగం వచ్చింది, మిఠాయి డబ్బాతో గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలా వద్దా అని వాడే జంకుతున్నాడు. పిలిచి కూర్చోబెట్టి, లడ్డు చేతిలోకి తీసుకుని, పోస్టింగ్ గురించి బాయి కాలనీల్లో అందరూ అడిగే మాటే అడగాలి: "ఏ ఏరియా ఏసిన్రురా?"