ఒక ఎంజైమ్, రెండు లోపాలు: వైద్యవిద్యలో కోలినెస్టరేజ్ పాఠం

కీలక పదాలు: కోలినెస్టరేజ్, ఆర్గానోఫాస్ఫరస్, సక్సినైల్‌కోలిన్, జన్యుమార్పు, నెక్కొండ.

1. ప్రవేశిక

వరంగల్ జిల్లాలోని నెక్కొండ పరిసరాల్లో పత్తి, మిరప, వరి ప్రధానమైన పంటలు. పురుగుమందు ఒంటికి సోకి గానీ, తాగి గానీ ఆసుపత్రికి వచ్చినవారికి చేసే రక్తపరీక్షల్లో సీరం కోలినెస్టరేజ్ పరీక్ష ముఖ్యమైనది. దాని విలువ తగ్గితే విషప్రభావమేనని విద్యార్థి తీర్మానించే అవకాశం ఉంది. అయితే ఆ తగ్గుదల పుట్టుకతో వచ్చినది కూడా కావచ్చు. ఈ రెండింటి భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఎంజైమ్ స్వరూపం

మానవ శరీరంలో కోలినెస్టరేజ్‌లు రెండు. నాడీసంధుల్లోనూ ఎర్రరక్తకణాలపైనా ఉండేది అసిటైల్‌కోలినెస్టరేజ్. కాలేయంలో తయారై ప్లాస్మాలో సంచరించేది బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. సీరం పరీక్షలో కొలిచేది దీనినే. రెండింటి క్రియాకేంద్రంలోనూ సెరీన్, హిస్టిడీన్, గ్లుటామేట్‌లు కలిసి పనిచేస్తాయి. అసిటైల్‌కోలిన్‌లోని అసిటైల్ సమూహం మొదట సెరీన్‌ను పట్టుకుంటుంది. నీటి అణువు దానిని వెంటనే విడదీస్తుంది. అప్పుడు ఎంజైమ్ తిరిగి పనికి సిద్ధమవుతుంది.

3. విషం వల్ల కలిగే లోపం

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు అదే సెరీన్‌కు ఫాస్ఫేట్ సమూహాన్ని తగిలిస్తాయి. నీరు దానిని సులభంగా విడదీయలేదు. పనిచేసే ఎంజైమ్ పరిమాణం తగ్గుతుంది కనుక గరిష్ఠ వేగం పడిపోతుంది. మిగిలిన ఎంజైమ్ మైఖేలిస్ స్థిరాంకం మాత్రం మారదు. నాడీసంధుల్లో అసిటైల్‌కోలిన్ పేరుకొని కనుపాపలు కుంచించుకుపోవడం, లాలాజలం అధికం కావడం, ఊపిరాడకపోవడం వంటి లక్షణాలు కలుగుతాయి. అట్రోపిన్ మస్కరినిక్ గ్రాహకాలను అడ్డుకుంటుందే తప్ప ఎంజైమ్‌ను పునరుద్ధరించదు. ఫాస్ఫేట్‌ను తొలగించడానికి ఉద్దేశించినది ప్రాలిడాక్సిమ్. కాలం గడిచి ఆ బంధం స్థిరపడితే దానివల్లా ప్రయోజనం ఉండదు.

4. పుట్టుకతో వచ్చే లోపం

మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసేది బ్యూటిరైల్‌కోలినెస్టరేజే. సాధారణంగా ఆ మందు ప్రభావం నిమిషాల్లో ముగుస్తుంది. ఎంజైమ్ లేనివారిలో శ్వాసకండరాలు గంటల తరబడి స్తంభిస్తాయి. అంతవరకూ కృత్రిమశ్వాస అందించాలి. 1957లో కాలో, జెనెస్ట్ ప్రతిపాదించిన డైబుకైన్ సంఖ్య అసాధారణ ఎంజైమ్‌ను గుర్తించడానికి తోడ్పడింది. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధన వైశ్య సముదాయంలో ఈ లోపానికి కారణమైన జన్యుమార్పును వెల్లడించింది. అందులో 307వ స్థానంలోని లూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరుతుంది. తరతరాలుగా సముదాయంలోనే వివాహాలు జరగడం ఇటువంటి మార్పులు నిలిచిపోవడానికి దోహదం చేస్తుంది. ఈ లోపం ఉన్నవారు నిత్యజీవితంలో ఆరోగ్యంగానే ఉంటారు. అందువల్ల శస్త్రచికిత్స వరకూ అది బయటపడకపోవచ్చు.

5. భేదాన్ని గుర్తించడం

జన్యులోపంలో ఎర్రరక్తకణాల అసిటైల్‌కోలినెస్టరేజ్ మామూలుగానే ఉంటుంది, విషలక్షణాలు ఉండవు. తీవ్రమైన విషప్రభావంలో అది కూడా తగ్గుతుంది. కాలేయవ్యాధి, గర్భధారణ, పోషకాహారలోపం కూడా సీరం విలువను తగ్గించగలవు. ఇక విషలక్షణాలు స్పష్టంగా ఉన్న రోగికి పరీక్షాఫలితం కోసం చికిత్స ఆపరాదు.

6. ముగింపు

సీరం విలువ ఎంజైమ్ ఎంత పనిచేస్తున్నదో తెలుపుతుంది. ఎందుకు తగ్గిందో తెలుపదు. ఆ కారణం రోగి చేసిన పనిలో, అతని కుటుంబచరిత్రలో, క్రియాకేంద్రపు రసాయనంలో దొరుకుతుంది. మత్తు ఇచ్చే ముందు “మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా?” అని అడగడం కూడా జీవరసాయనశాస్త్ర పాఠంలో భాగమే.