తోడు లేనిదే గెలుపు లేని ఆట

పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి తుపాకుల ఆటలాడుచుండగా మనకు కోపము వచ్చుట సహజము. అయినను ఆ యాటలన్నియు నొక్క తీరువి కావని మేము చెప్పదలచితిమి.

2008వ సంవత్సరమున అమెరికాలోని వాల్వ్ సంస్థ 'లెఫ్ట్ 4 డెడ్' అను ఆటను వెలువరించెను. ఇందు నలుగురు, వేర్వేరు ఊళ్లలో నున్నను, ఇంటర్నెట్టు ద్వారా ఒక్క జట్టుగా కూడుదురు. వింతరోగము సోకి మీదబడు జనసమూహముల నుండి బ్రతికి బయటపడుటయే వారి పని. 'నో మెర్సీ' అను కథలో ఐదు భాగములు కలవు. తుదకు ఆసుపత్రి మేడమీద హెలికాప్టరు వచ్చువరకు నిలువవలెను.

ఇందలి విశేష మేమనగా, 'హంటర్' అను శత్రువు దుమికి పడవేసినచో పడినవాడు తనంతట లేవలేడు. తోడివాడే వచ్చి విడిపింపవలెను. కావున ఒంటరిగా ముందుకురికినవాడు ఎంత నేర్పరియైనను నిస్సహాయుడగును. మందుల పెట్టె ఒక్కటే మిగిలినచో, తనకా, గాయపడిన తోడివానికా యని యోచింపవలెను. ఆట కఠినమైనకొలది, గురి తప్పిన తూటా స్నేహితునే ఎక్కువగా బాధించును. అందుచే మాటాడుకొనుటయు, వేచియుండుటయు గురికంటె ముఖ్యములు.

అయితే రక్తపాతము మెండగుటచే అమెరికాలో దీనిని 17 ఏండ్లు నిండినవారికే తగునని నిర్ణయించిరి. చిన్నపిల్లలకు ఈయరాదు. పెద్దపిల్లలు ఆడునెడల, నడుమ భోజనమునకు కేకలు వేయుటకంటె ముందుగానే వేళ నిర్ణయించుట మేలు. ఒకడు నడుమ లేచిపోయినచో అతని స్థానమున యంత్రమే ఆడును. అది మనుష్యుని తోడు కానేరదు.

ఆట ముగిసిన పిమ్మట, "నేడెవరిని కాపాడితివి నాయనా?" అని యొకసారి అడిగి చూడుడు.